మారువేషాల కాలం

"పాలపొడి లేదంటే లేదు! ఎన్నిసార్లు చెప్పాలయ్యా?" కొట్టు షావుకారు కసిరాడు.

గుమ్మంలో నిలబడ్డ మనిషి కదల్లేదు. చొక్కా భుజం దగ్గర చిరిగింది. గడ్డం మాసింది. చేతుల్లో పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తోంది.

"అలా అనకండి బాబూ. దీని తల్లికి ఒళ్ళు తెలియని జ్వరం, పాలు పడటం లేదు. రాత్రి నుంచీ ఉత్త వేణ్ణీళ్ళే పడుతున్నాను. ఒక్క డబ్బా ఇప్పించండి, ధర ఎంతైనా..." అని ఆగిపోయాడు. ఎంతైనా ఇచ్చుకోగలిగిన మొహం కాదది. ఆ సంగతి అతనికీ తెలుసు.

షావుకారు ఆడింది పచ్చి అబద్ధం. పాలపొడి డబ్బాలు ఉప్పు బస్తాల వెనక గోనెపట్టా కప్పుకుని హాయిగా కూర్చున్నాయి. యుద్ధమైతే ముగిసింది గానీ సరుకుల కరువు ముగియలేదు. సబ్బు మొదలు పాలపొడి దాకా అన్నిటికీ సర్కారు కంట్రోలు ధర కట్టింది. ఆ ధరల బోర్డు ప్రతి కొట్టు ముందూ వేలాడాల్సిందేనంది. బోర్డులు బుద్ధిగా వేలాడుతున్నాయి. సరుకు మాత్రం దొడ్డిదారిన మూడింతలకి పోతోంది. దొరికితే లైసెన్సు ఊడుతుంది, పైగా జైలు. ఇన్‌స్పెక్టర్లు మారువేషాల్లో తిరుగుతున్నారని కూడా వినికిడి.

వెనక నుంచి భార్య మోచేత్తో పొడిచింది.

"ఏమండీ, ఒక్కసారి ఇలా రండి."

"ఉండవే, అవతల మనిషి ప్రాణం తీస్తుంటే."

ఆవిడ గొంతు తగ్గించింది. "అతను మనిషి కాదు, ఇన్‌స్పెక్టరు!"

షావుకారు గుమ్మం వైపు ఓరగా చూశాడు. "అతనా? ఆ చిరుగుల చొక్కాతోనా?"

"మరి ఇస్త్రీ కోటు వేసుకుని, నేనే ఇన్‌స్పెక్టర్నని చాటుకుంటూ వస్తాడా? ఆ చిరుగు చూడండి, ఎంత పొందిగ్గా చింపుకున్నాడో."

"మరి ఆ పసిబిడ్డో?"

"ఎవరి బిడ్డనో అడిగి తెచ్చుకుని ఉంటాడు. అంత పెద్ద ఆఫీసులో పిల్లలున్నవాళ్ళే లేరా ఏమిటి?"

"కళ్ళనీళ్ళు కూడా వస్తున్నాయే!"

"ఊరికే ఇస్తారా జీతాలు?"

షావుకారుకి ముచ్చెమటలు పోశాయి. అబ్బ, ఏం కన్నండీ ఆవిడది! నిన్న కర్ర పోటేసుకుంటూ వచ్చిన ముసలమ్మనీ, మొన్న నిండు చూలాలినీ ఇట్టే పట్టేసింది. ఆ మధ్య ఒక కాంట్రాక్టరు కారు దిగి, ఉన్న డబ్బాలన్నీ మూడింతలకి కొంటానంటే, "అలా ఎర వేసేది కూడా వాళ్ళేనండీ" అని చెవిలో ఊది సాగనంపింది. అలాంటి ఇల్లాలు లేకపోతే తన బతుకు ఈపాటికి ఊచల వెనకే తెల్లారి ఉండేదని అతని నమ్మకం.

"ఆగవయ్యా బాబూ, వెళ్ళిపోకు!" షావుకారు గొంతులో తేనె కారింది. "మతిమరుపు వెధవని, ఒక డబ్బా ఎక్కడో ఉండాలి. కంట్రోలు ధరకే, ఆ బోర్డు మీద చూసుకో. పైసా ఎక్కువ తీసుకుంటే ఒట్టు!"

ఆవిడ అంతటితో ఊరుకోలేదు. బిడ్డని ఒళ్ళోకి తీసుకుంది. లోపలికి వెళ్ళి వేణ్ణీళ్ళు తెచ్చింది. డబ్బా అక్కడే తెరిచి, పాలు కలిపి, వేలి మీద చుక్క వేసుకుని వేడి చూసి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టింది. ఏడుపు ఆగింది. ఆ బుల్లి పిడికిలి ఆవిడ చీరకొంగు పట్టుకుని వదల్లేదు. తండ్రి దణ్ణం పెట్టాడు.

"ఇంత సేవ ఎందుకే?" షావుకారు గొణిగాడు.

"మనం కనిపెట్టేశామని అతనికి అనుమానం రాకూడదు కదండీ!" అంది ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

నటించడంలో ఇన్‌స్పెక్టర్లు కూడా ఈవిడ ముందు దిగదుడుపేనని షావుకారు మురిసిపోయాడు.

ఆ సాయంత్రం గొడుగు మడుచుకుంటూ ఒక కళ్ళజోడు పెద్దమనిషి కొట్టులోకి వచ్చాడు. షావుకారు అలవాటుగా భార్య వంక చూశాడు. ఆవిడ ఓసారి ఎగాదిగా చూసి, కాదన్నట్టు తలూపింది.

"ధరల కంట్రోలు ఆఫీసు నుంచి వస్తున్నానండీ," అన్నాడాయన.

షావుకారు గబుక్కున లేచి నిలబడ్డాడు. ఆవిడ చేతిలోని పప్పు కొలత జారి సగం నేలపాలైంది.

"కంగారు పడకండి, తనిఖీకి రాలేదు. మీకు నమస్కారం పెట్టి పోదామని వచ్చాను," అన్నాడాయన నిజంగానే చేతులు జోడిస్తూ. "పొద్దుటి నుంచీ ఊళ్ళో కొట్లన్నీ తిరిగాను. బోర్డు మీదొక ధర, లోపలొక ధర. వీధి మలుపులో ఒకతను నిద్రపోతున్న బిడ్డని భుజాన వేసుకుని, మీ కొట్టు పేరు చెప్పి ఏడుస్తున్నాడండీ. వాళ్ళ వీధిలో ఏ ముసలమ్మనడిగినా మీ పేరే. ఈ రోజుల్లో ఇంత ధర్మంగా వ్యాపారం చేసే మనిషి ఉన్నాడంటే నమ్మలేకపోయాను."

షావుకారు పొంగిపోయాడు. ఆ పొంగులో నిజం కూడా పొర్లింది.

"నాదేముంది సార్! ఆ ఘనతంతా మా ఆవిడదే. మీ ఇన్‌స్పెక్టర్లు ఏ వేషంలో వచ్చినా..."

"ఏమండీ, ఊరుకోండి," అంది ఆవిడ.

"నువ్వుండవే, మొహమాటమెందుకు! ఏ వేషంలో వచ్చినా ఇట్టే పసిగడుతుంది సార్. ఇన్ని నెలలుగా ఎంతమందిని పట్టిందో!"

ఆవిడకి ఉన్నట్టుండి లోపల ఏదో పని గుర్తొచ్చింది. గబగబా వెళ్ళిపోయింది.

పెద్దమనిషి కళ్ళజోడు తీసి తుడుచుకుని, షావుకారుని వింతగా చూశాడు.

"ఇన్‌స్పెక్టర్లా? ఈ ఊరికి ఇన్‌స్పెక్టర్ని వేసిందే ఇవాళండీ. ఆ మొదటివాణ్ణి నేనే."