పగులు మీద అద్దం

...పెరిగింది. కాదు, గోడలో పగులు పెరిగిందని అనిపిస్తోంది. అనిపించడం వేరు, ఉండటం వేరు. ఏలూరు డాక్టరుగారి మాట మనసులో మళ్ళీ అప్పజెప్పుకుంది పెర్సిస్.

"ఒక్కసారి చూడండి, వచ్చేయండి. చెయ్యి పెట్టి తడమొద్దు."

తలుపు గడియ, గ్యాస్ స్టవ్, బీరువా తాళం. ఇంట్లో పదేపదే తడిమి చూసుకునేవి అవి. మందులు వాడుతూనే ఉంది. ఆ జబ్బే ఇప్పుడు ఈ గోడకి పాకింది.

సర్కారు చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది, ఈ కొల్లేటి లంకలో ఈ బడికి డిజైన్ చేసింది తనే. వరద కింద నుంచి పోయేలా ఎత్తైన స్తంభాల మీద నిలబెట్టింది. ఫ్యాను అక్కర్లేకుండా గాలి ఆడేలా కిటికీలు పెట్టించింది. రెండేళ్ళు తిరక్కుండానే నడిమి గోడ పగిలింది. కింద బురదనేలలో స్తంభాలు దిగబడుతున్నాయేమోనని భయం.

పగులుకి అడ్డంగా పల్చటి అద్దం ముక్క ఒకటి తెల్ల సిమెంటుతో అతికించింది. గోడ వెంట్రుకవాసి కదిలినా అది విరుగుతుంది. విరిగితే బడి ఖాళీ చేయించాలి. విరక్కపోతే పిల్లలకి భయం లేదు.

విరగలేదు. ఈ వానాకాలమంతా, వచ్చిన ప్రతిసారీ అద్దం నిక్షేపంగా ఉంది. పగులు మాత్రం ఆమె కళ్ళకి ప్రతిసారీ ఇంకాస్త వెడల్పుగా కనిపించింది.

"అద్దం అబద్ధమాడదు కదమ్మా," అన్నారు ఆఫీసులో పై అధికారి నరసింహమూర్తిగారు, నొప్పించకుండా. "పోనీ, కొన్నాళ్ళు సెలవు పెట్టండి."

సెలవు కాదు, మానేస్తోంది. లేనిది ఉన్నట్టు చూపించే కళ్ళతో ఇంజనీరు పని ఏం చేస్తుంది? తన తల తనకే ఎదురు తిరిగింది. బాగవుతుందన్న ఆశ ఎప్పుడో పోయింది. ఈ బడికి భయం లేదని ఒక్క సంతకం పెట్టేసి, ఆకివీడులో బస్సెక్కాలి.

పక్క గదిలో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. ఆయా కృపమ్మ టీ తెచ్చింది.

"చిక్కిపోయారండీ అమ్మగారూ. ఏలూర్లో చేపలు దొరకట్లేదా ఏంటండీ?"

"నిద్ర పట్టట్లేదు కృపమ్మగారూ."

"ఈ గోడ గురించేనాండీ? ఇంతమంది పిడుగుల్ని మోసే గోడకే లేని బెంగ మీకెందుకండీ?"

పెర్సిస్ నవ్వబోయింది. రాలేదు. కాగితం కిటికీ గట్టు మీద పెట్టుకుని సంతకం చేసేసింది. బ్యాగు తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళింది.

అక్కడ కాళ్ళు ఆగిపోయాయి. ఎలాగూ ఇదే ఆఖరు. డాక్టరుగారు చూడొచ్చారా?

వెనక్కి వచ్చింది. ఇన్నాళ్ళూ అణుచుకున్న చేతిని వదిలేసి, అద్దం అంచు మీద వేలు పెట్టింది.

వేలికి తడి తగిలింది.

"చీరకి అంటుతుందండీ, ఇంకా ఆరలేదు," అంటూ కృపమ్మ మొహమాటంగా దగ్గరికొచ్చింది. "మీరు అద్దం చూసుకోమన్నారు కదండీ, పగిలినప్పుడల్లా కొత్తది అతికిస్తూనే ఉన్నామండి."