కొండ అవతలి శ్రోతలు

ముసలాయన స్టూడియో గుమ్మంలోనే ఖాండ్రించి ఉమ్మాడు.

చేతిలో కాగితాలతో మైకు దగ్గరికి వెళ్తున్న రేడియో పిన్ని ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఛీ! మనుషులు నడిచే చోటు కాదూ అది?"

"గొంతు పట్టేసిందమ్మా." మూతి చేత్తో తుడుచుకున్నాడు. అదే చేత్తో తలుపు పట్టుకున్నాడు. "ఒక్క మాట చెప్పిపోదామని కొండ దాటి వచ్చాను. మొదట్లో చదివినట్టు చదువు తల్లీ. మరీ పరుగెత్తిస్తున్నావు."

పిన్నికి ఒళ్ళు మండింది.

భర్త పోయాక మనవరాలి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దిన మనిషి ఆమె. ఊళ్ళో చిన్న రేడియో స్టేషను పెట్టిన కొత్తలో ఊరి కబుర్లు చదివేవాళ్ళు దొరక్క ఆమెను కూర్చోబెట్టారు. "ఆలస్యంగా చదువు నేర్చినదాన్ని. తప్పులుంటే మన్నించండి, నత్తనడకైతే ఓర్చుకోండి" అంటూ మొదలుపెట్టేది. ఒక్కో మాటా కూడబలుక్కుని చదివేది.

అయినా ఫోన్లు వచ్చేవి. చివర్లో ఆమె వేసే పొడుపుకథ విప్పడానికి కొండ అవతలి రాళ్ళ క్వారీవాళ్ళు ఎగబడేవారు. ఇవతలివాళ్ళకన్నా వాళ్ళే ఎక్కువ.

ఆ ఫోన్లే ఆమె కార్యక్రమానికి ఊపిరి. అవి రాకపోతే మైకు ఇంకొకరికిస్తానని మేనేజరు మొదటిరోజే చెప్పాడు.

పట్టుబట్టి నేర్చుకుంది. ఇప్పుడు గడగడా చదువుతోంది. మన్నించమనడం కూడా మానేసింది.

అలాంటిది, ఈ ఉమ్ముల తాత వచ్చి నత్తనడకే బాగుందంటాడా!

"వెక్కిరింపా?"

"వెక్కిరింపెందుకమ్మా! మాటకీ మాటకీ నడుమ కాస్త ఆగావనుకో, నాకు..." దగ్గు తెర అడ్డమొచ్చింది. మళ్ళీ ఖాండ్రించాడు.

"ముందు బయటికి నడు పెద్దాయనా! నీ చెవులు ముసలివైతే నా నోరేం చేస్తుంది?"

ఆ తర్వాత రోజూ అదే మాట చెప్పడానికి తాత ఫోను. ఆమె పలికేలోపే అటునుంచి గరగర, థూ! రిసీవరు దూరంగా పట్టుకునేది. పెట్టేశాక దాన్ని తడిగుడ్డతో తుడిచేది.

"ఉమ్మి తీగలోంచి రాదు పిన్నీ" అని మేనేజరు నవ్వేవాడు.

"నీకేం నాయనా! పొద్దున్న తిన్నది లోపల నిలవాల్సింది నాకు."

ఒకరోజు అసహ్యం పట్టలేక మైకులోనే అనేసింది.

"గుమ్మాల్లో ఉమ్మేసి నాకు చదవడం నేర్పే తాతగారూ! నా చదువు మీకు అందకపోతే రేడియో కట్టేసి మూల కూర్చోండి. మీ ఉమ్మి మీద ఈగలు తోలుకోండి."

మేనేజరు పగలబడి నవ్వాడు.

తాత ఫోను ఆగిపోయింది. పీడ విరగడైందనుకుంది పిన్ని.

క్వారీ ఫోన్లూ ఆగిపోయాయి.

"చూశావా నాయనా! ముసలాడు అవతల నా మీద విషం కక్కాడు. ఆ నోట్లోంచి ఇంకేం వస్తుంది!"

నెల తిరక్కుండా మైకు ఇంకొకామె చేతికి పోయింది.

ఏళ్ళు గడిచాయి. రేడియోవాళ్ళు పాతవాళ్ళని పిలిచి సభ పెట్టారు. తొలిరోజుల ముచ్చట్లు చెప్పమన్నారు. పిన్ని మైకు ముందు నిలబడి తాత ఖాండ్రింపుని అచ్చంగా దింపింది. హాలంతా గొల్లున నవ్వింది.

"ఇప్పటికీ తలుచుకుంటే అన్నం సయించదు" అంది పిన్ని.

సభ అయ్యాక ఒకామె దగ్గరికి వచ్చింది. చేతులనిండా రాయి చీరిన మచ్చలు. నవ్వినవాళ్ళలో ఆమె లేదు.

"మాది క్వారీ పిన్నీ. మీ పొడుపుకథలు ఇప్పటికీ మా పిల్లలకి వేస్తాను. మీ మాటలన్నీ విన్నాను గానీ, మీ గొంతు వినడం ఇదే మొదటిసారి."

"అదేమిటే! గొంతు వినకుండా మాటలెలా విన్నావు?"

"మీ రేడియో కొండ దాటేది కాదు కదా. ఆ తాతే రోజూ కొండకొమ్మున కూర్చుని, మీరు చదివింది చదివినట్టు కింద చేరిన మా అందరికీ అరిచి చెప్పేవాడు."



"మరి... ఎందుకు మానేశాడు?" అని అడిగింది పిన్ని.

"మేం అడిగినా చెప్పలేదు పిన్నీ. ఆ రోజు మీరు తిట్టిన తిట్టు కూడా ఒక్క ముక్క పొల్లుపోకుండా మాకు అరిచి వినిపించి, రేడియో కట్టేసి కొండ దిగాడు."