రెండో స్లాట్

"మీరు చెరుపుతారా, నన్నే చెరిపెయ్యమంటారా?"

పిల్లల వార్డు చివర ఆటల గదిలో ఒకావిడ అగ్గి మీద గుగ్గిలమైపోతోంది. చేతిలో వీడియో గేమ్ కంట్రోలర్. ఎదురుగా టీవీలో కార్ల ఆట.

ఎవరో దానమిచ్చిన పాత కన్సోల్ అది. ఆట సేవ్ చేసుకోవడానికి మూడంటే మూడే స్లాట్లు. పెన్ డ్రైవ్ పెడితే ఒప్పుకోదు, నెట్‌లో దాచే వీలూ లేదు. మూడు స్లాట్లూ నిండిపోయి ఉన్నాయి. రెండోదానికి 'పిడుగు' అని పేరు. నలభై ఒక్క గంటల ఆట.

నర్సు మందుల ట్రేతోనే పరుగెత్తుకొచ్చింది. ఆమె ఈ వార్డుకి మారి వారమే అయింది.

"మెల్లగా అమ్మా, పిల్లలు పడుకున్నారు. ఏమైంది?"

"ఆ రెండో స్లాట్ తీసెయ్యండి. ఇప్పుడే!"

"ఎలా తీసేస్తామండీ? ఎవరో పాప అన్ని గంటలు కూర్చుని ఆడుకున్నది."

"తేదీ చూశారా? దాన్ని ముట్టుకుని మూడు నెలలైంది. ఇంకా ఎందుకు పట్టుకుని వేలాడుతున్నారు?"

నర్సుకి చిర్రెత్తుకొచ్చింది. "ఇక్కడ ఒక పద్ధతుంది. వైద్యానికి మళ్ళీ రావాల్సిన పిల్లల ఆట ఎవరూ చెరపరు. ఎక్కడ ఆపి వెళ్ళారో వచ్చేసరికి అక్కడే ఉండాలి. ఇంతకీ మీ పాపది ఏ మంచం?"

"మా పాపకి ఇక్కడ మంచం లేదు."

"మంచమే రాలేదు, అప్పుడే ఆటకి తొందరా! వెళ్ళి బయట కూర్చోండి, పిలుస్తారు."

"కూర్చోను! ఆ కుర్చీల్లో కూర్చునే ఓపిక నాకిక లేదు."

కేకలు విని ఒకాయన లోపలికొచ్చాడు. మూడో స్లాట్ వాళ్ళ చిన్నమ్మాయిది. సంగతి విని, పెద్దమనిషి తరహాలో మధ్యలోకి దిగాడు.

"పోనీ చెల్లెమ్మా, మా చిన్నదాని స్లాట్ తీసేసుకోండి. దానికి నేను సర్దిచెప్పుకుంటాలే."

"మీ పాపది నాకెందుకండీ? దాన్ని హాయిగా ఆడుకోనివ్వండి. నాకు ఆ రెండోదే పోవాలి."

ఆయన మొహం కందగడ్డలా అయింది. ఇదెక్కడి మొండితనం! ముక్కూ మొహం తెలియని పిల్ల మీద ఇంత కక్షా!

ఆవిడ అదేమీ పట్టించుకోలేదు. టకటకా బటన్లు నొక్కింది. 'ఈ ఆట శాశ్వతంగా పోతుంది, తీసెయ్యాలా?' అని తెర మీద పడింది. నర్సు ట్రే బల్ల మీద పడేసి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"వదలండి!"

"వదలను. రేపు ఆ పాప వచ్చి నా ఆటేదీ అంటే ఏం చెప్పమంటారు?"

"రాదు."

"వస్తుంది!" అంది నర్సు. అంది గానీ, మూడు నెలలుగా రాని పాప ఏమైందో ఎవరినీ అడిగే ధైర్యం ఆమెకే చాల్లేదు.

"రాదంటే రాదు! ఆ పిడుగు ఈ గడప ఇంకెప్పుడూ తొక్కదు. కావాలంటే రాసిస్తా!"

ఆయన ఒక్క అడుగు ముందుకేశాడు. "ఛీ! నోరా అది? నువ్వూ ఒక బిడ్డకి తల్లివేనా? ఎవరి కూతుర్నో పట్టుకుని అంత మాటంటావా!"

ఆవిడ ఒక్క విదిలింపుతో చెయ్యి విడిపించుకుంది. కళ్ళు ధారలు కడుతున్నా గొంతు మాత్రం తగ్గలేదు.

"ఎవరి కూతురో ఏంటండీ, పిడుగు నా కూతురే, దానికి పూర్తిగా నయమైంది, ఇక రానక్కర్లేదని డాక్టరుగారు ఇందాకే చెప్పారు, ఇంకా దాని పేరు మీద ఇక్కడ చోటు ఉంచితే ఊరుకోను!"