చేతిదారం

"గాజులు తీసినవు, మంచిదే. గా దారానికి కత్తెర వెడితే మాత్రం నా మీద ఒట్టే" అంటూ మణెమ్మ రేకుల షెడ్డు వాకిలికి అడ్డంగా నిలబడింది.

సౌందర్య కత్తెర కింద పెట్టి తండ్రి వైపు చూసింది. ఇంటి వెనక ఉన్న ఆ షెడ్డులోనే కిష్టయ్య వడ్రంగి పని చేస్తాడు. మిషన్ నడిచే చోట ఒంటిమీద వేలాడేది ఏదీ ఉండకూడదని అతని పట్టు. అందుకే కూతురు చున్నీ తీసి మేకుకు తగిలించింది, జడ ముడేసుకుంది, గాజులు తీసి డబ్బాలో పెట్టింది. ఎడమ చేతికి నల్లదారం ఒక్కటే మిగిలింది. దర్గా దగ్గర షంషుద్దీన్ సాబు దువా చదివి ఊది ఇచ్చిన దారం అది. ముడి దగ్గర కొసలు రెండూ బెత్తెడు పొడుగున వేలాడుతున్నాయి. పోనీ కొసలైనా కత్తిరిస్తానని సౌందర్య బతిమాలింది. మణెమ్మ వినలేదు. ఊదిన దారానికి ఇనుము తగిలితే బలం పోతుందంది.

"దారం వద్దంటే మిషన్ గూడ వద్దు. రెండిట్ల ఏదో ఒకటి చెప్పు."

"ఉండనీ తియ్యి బిడ్డా, మీ అమ్మతోని ఎవడు గెలుస్తడు" అని కిష్టయ్య నవ్వి, కొసలు దారం కిందికి దోపుకొమ్మన్నాడు.

కొత్తకోటలో ఉండే ఒక టీచరమ్మ కూరగాయలు పెట్టుకునే అల్మారా కావాలని చెప్పింది. ఐదు అరలు, జాలీ తలుపు, ఉల్లిగడ్డలు ఆలుగడ్డలు కుళ్లిపోకుండా పక్క చెక్కలకు వరసగా గాలిరంధ్రాలు. తండ్రి చెయ్యి పడకుండా మొత్తం తానే చేస్తానని సౌందర్య ఒప్పుకుంది. ఆ మాట చెవిన పడ్డ రోజు నుంచీ మణెమ్మకు ముద్ద దిగడం లేదు. బిడ్డ అన్నం కలుపుతుంటే ఆ వేళ్లనే చూస్తూ కూర్చునేది. వీటిలో రేపటికి ఎన్ని మిగులుతాయో అనుకునేది.

షెడ్డులో డ్రిల్ మిషన్ మొదలైంది. మణెమ్మ వంటింట్లో చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది. మిషన్ మోగినంతసేపూ ఈనె తీయడం మరిచిపోతుంది. ఆగగానే "బిడ్డా" అని పిలుస్తుంది. "ఆఁ" అని అటునుంచి వస్తుంది. మళ్లీ మోత, మళ్లీ పిలుపు, మళ్లీ "ఆఁ". పదకొండు రంధ్రాలు అలాగే గడిచాయి.

పన్నెండోసారి మోత మధ్యలో ఏదో అడ్డం పడ్డట్టు మిషన్ గుర్రుమంది. చెక్క దబ్బున పడ్డ చప్పుడైంది. తర్వాత ఏమీ లేదు.

"బిడ్డా."

పలకలేదు.

"బిడ్డా, సౌందర్యా."

మణెమ్మ చిక్కుడుకాయలు పక్కకు తోసి లేచింది. గోడ పట్టుకుని, తలుపు పట్టుకుని, పెరట్లో బట్టల తీగ పట్టుకుని షెడ్డు దాకా వచ్చింది. లోపల సౌందర్య రంపపుపొట్టులో కూలబడి ఉంది. ఎడమ చేతిని కుడిచేత్తో ఒడిలో అదిమి పట్టుకుంది. కిష్టయ్య స్విచ్ మీద వేసిన చెయ్యి తీయకుండా అలాగే నిలబడ్డాడు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

మణెమ్మ చూడలేక కళ్లు మూసుకుంది. తడుముకుంటూ పోయి బిడ్డ చెయ్యి అందుకుని ఒక్కొక్క వేలూ లెక్కబెట్టింది. ఐదు. నమ్మకం కుదరక మళ్లీ లెక్కబెట్టింది. ఐదే. అప్పుడు కళ్లు తెరిచింది. మణికట్టు చుట్టూ ఎర్రగా కోసుకుపోయిన గీత ఉంది. దారం లేదు. అది మిషన్‌కు రంధ్రం తొలిచే ములుకుకు చుట్టలు చుట్టలుగా బిగుసుకుపోయి, తెగిన కొస ఇంకా ఊగుతోంది.

"నువ్వు కట్టిన గా దారమే..." అని మొదలుపెట్టాడు కిష్టయ్య.

సౌందర్య తండ్రి లుంగీ అంచు పట్టి గుంజింది. తల్లి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు చెబితే ఈ మనిషి ఇక బతికినన్నాళ్లూ తనను తాను తిట్టుకుంటుందని బిడ్డకు తెలుసు.

"అవునమ్మా, గా దారమే. నా మీదికి రావాల్సిన ఆపద అది తీసుకున్నది" అంది మెల్లగా.

కిష్టయ్య ఏదో అనబోయి గోడవైపు తిరిగాడు. మణెమ్మ ఆ ములుకుకు రెండు చేతులూ ఎత్తి మొక్కింది. ఆ పూట కడుపునిండా తిన్నది. చూసినవా, నా మాట కాదని దారం తీయించి ఉంటే ఏమయ్యేదో అని మొగుణ్ని మూడుసార్లు దెప్పింది. అతను పళ్లెంలోంచి తల ఎత్తలేదు.

తెల్లవారి కిష్టయ్య జాలీ కొనడానికి బజారుకు పోయాడు. గాయానికి కట్టు కట్టుకుని సౌందర్య మిషన్ ముందు నిలబడింది. ఎక్కడికో పోయి వచ్చిన మణెమ్మ చెమటలు తుడుచుకుంటూ లోపలికి వచ్చి, బిడ్డ ఎడమ చెయ్యి అందుకుంది. కట్టుకు పైన కొత్తదారం చుట్టి, ఏడు ముళ్లు వేసి, పంటితో బిగించింది. సౌందర్య చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. నిన్న తన నోటితో తానే అన్న మాట గుర్తొచ్చి ఆగిపోయింది.

"నిన్నటిది ఉత్త నూలుదారం, ఒక్క గుంజుకే తెగిపాయె. ఇది కృష్ణా నదిల చేపలోళ్లు వలలకు వాడే నైలాన్‌ది, సాబు కాడ ఊదిచ్చిన, ఎంత గుంజినా తెగదు" అని మణెమ్మ, జన్మలో మొదటిసారి భయం లేకుండా, తన చేత్తోనే మిషన్ స్విచ్ వేసింది.