నాలుగో గొంతు

అరవైల నాటి సోల్ అనే నల్లజాతి అమెరికన్ల పాటల రికార్డులు సేకరించే ప్రెంటిస్, డెట్రాయిట్‌లోని తన ఇంట్లో ఆ రాత్రి ఒక అరుదైన రికార్డు పెట్టాడు. ఆ పాట పాడినవాళ్లలో బతికున్న ఒకే ఒక్కడు, ముసలి వర్డెల్, ఎదురుగా కూర్చుని విన్నాడు. సగంలోనే అతని మొహం మారిపోయింది.

"ఇది పాడింది మేం ముగ్గురం. ఇక్కడ నాలుగు గొంతులున్నాయేంట్రా?"

"నాలుగోది ఎవరిది బాబాయ్?"

"అచ్చం మా జట్టులో పాడే లమాంట్‌ది. రికార్డింగుకి ముందే వాడు నదిలో మునిగి చచ్చిపోయాడు. నాతో ఆటలాడుతున్నావా?"

"ఒట్టు, నాకేం తెలీదు!"

వర్డెల్ అనుమానంగా అతన్నే చూస్తూ రికార్డు మీంచి ముల్లు పైకెత్తాడు. మూడు గొంతులు ఆగాయి. నాలుగోది చీకటి మెట్ల మీద నుంచి ఇంకా వినిపిస్తోంది.

ప్రెంటిస్ లైటు వెయ్యబోయాడు. వర్డెల్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దురా. ఒక్కడే పాడాలంటే వాడికి భయం."

ఆ గొంతుతో కలిసి పాటలో తన వరస అందుకున్నాడు.