లైట్లు ఆర్పితే దిగే ముల్లు

"మామయ్యా, ఆయిల్ వేడి నూట ముప్పై డిగ్రీలు దాటింది!"

స్టీరింగ్ పట్టుకున్న అల్లుడు అరిచాడు. పక్క సీట్లో మామయ్య. ఆయన కుడికాలికి పిండికట్టు. రెండు మోకాళ్ళ మధ్య ఐసు పెట్టెను నొక్కిపట్టుకుని రోడ్డు వైపే చూస్తున్నాడు.

పెట్టెలో రెండు రక్తం సంచులు. కొండ అవతలి ఆస్పత్రిలో ఆయన కూతురికి పొద్దున్నే ప్రసవమైంది. బిడ్డ క్షేమం. తల్లికి మాత్రం రక్తస్రావం ఆగడం లేదు. ఆమె గ్రూపు రక్తం కొండ ఇవతలే దొరికింది. "గంటలోపు తెండి" అంది డాక్టరమ్మ. లేకపోతే ఏమవుతుందో ఆవిడ చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు.

చేతికందిన బండి ఇదొక్కటే. మామయ్య పాత స్పోర్ట్స్ కారు. తుక్కు కొట్టులో పడి ఉన్నదాన్ని తెచ్చి, ఒక్కో బోల్టూ తానే బిగించి ప్రాణం పోశాడు. దాని మీద ఈగను కూడా వాలనివ్వడు. అల్లుణ్ణి ఇన్నేళ్ళలో తలుపు కూడా ముట్టుకోనివ్వలేదు. ఇవాళ తాళాలు చేతిలో పడేసి "తొక్కు" అన్నాడు.

రోడ్డు ఎక్కుతూనే ఉంది. చుట్టూ దట్టంగా మంచు. పట్టపగలే లైట్లు వేసుకుని పోతున్నారు.

"నూట ముప్పై అయిదు! ఆపుదాం మామయ్యా. కాసేపు చల్లారనిద్దాం."

"అది చల్లారేసరికి అరగంట."

"దారిలో ఇంజన్ పట్టేస్తే అసలుకే మోసం కదండీ!"

అల్లుడి ఉద్యోగం కొలత పరికరాలు సరిచూడటం. అంకె అతనికి వేదవాక్కు. ఒళ్ళు కాలిపోతున్నా సరే, థర్మామీటరు ఒప్పుకుంటేనే దుప్పటి ఇస్తాడని భార్య ఆటపట్టిస్తుంది. ఇప్పుడు ఆయిల్ వేడి మీటరులో ముల్లు పైకి పోయేకొద్దీ అతని పాదం వెనక్కి వస్తోంది. కారు నెమ్మదించింది.

మామయ్య ముందుకు బాగా వంగాడు. డాష్‌బోర్డుకు చెవి ఆనించి విన్నాడు.

"ఆయిల్ ప్రెషర్ ఎలా ఉంది?"

"అది బాగానే ఉందండీ."

"అయితే లైట్లు తీసెయ్."

"ఈ మంచులోనా?"

"ఒక్క క్షణం. తీసెయ్ అంటుంటే!"

తీశాడు. ఎదుట రోడ్డు మాయమైంది. ముల్లు ఠక్కున కిందికి పడిపోయింది.

"వెయ్."

వేశాడు. ముల్లు లేచి మళ్ళీ నూట ముప్పై అయిదు మీద కూర్చుంది.

"మళ్ళీ తియ్."

మళ్ళీ పడింది.

"చూశావా? కాగిన ఆయిల్ రెప్పపాటులో చల్లారుతుందా? వేడి ఆయిల్లో లేదు, వైరింగులో ఉంది. ఎర్త్ వైరు సరిగ్గా లేదు. లైట్లు కరెంటు లాగినప్పుడల్లా మీటరు పిచ్చి లెక్కలు చూపిస్తోంది. పాత బండ్లకి మామూలే."

అల్లుడు మనసులోనే సరిచూసుకున్నాడు. రెండుసార్లు చేస్తే రెండుసార్లూ అదే ఫలితం. తిరుగు లేదు. గుండె మీద నుంచి బండ దింపినట్టయింది.

"ముందే చెప్పొచ్చు కదండీ!"

"ఇప్పుడే తట్టింది. లైట్లు వేసుకో. ఇక దాని వంక చూడకు. తొక్కు."

తొక్కాడు. ముల్లు నూట యాభై అంది. "అబద్ధాలకోరు ముల్లు" అని నవ్వాడు అల్లుడు. మామయ్య నవ్వలేదు. చెవి డాష్‌బోర్డు మీద నుంచి తీయలేదు. ఆయన మెడ మీద చెమట ధారలు కట్టింది.

ఆస్పత్రి గుమ్మం ముందు బండి దానంతటదే ఆగింది. అల్లుడు పెట్టె లాక్కుని లోపలికి పరిగెత్తాడు.

చాలాసేపటికి తిరిగి వచ్చాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియడం లేదు.

"గండం గడిచింది మామయ్యా! కళ్ళు తెరిచింది. నాన్నేడీ అంటోంది."

మామయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆయన భుజాలు కదిలిపోయాయి.

"రేపే ఆ ఎర్త్ వైరు నేను మార్పిస్తాను. ఆ ముల్లును నమ్మి మధ్యలో ఆగి ఉంటే..." అన్నాడు అల్లుడు.

మామయ్య ముఖం తుడుచుకుని, పొగలు కక్కుతున్న బానెట్ వైపు ఒకసారి చూశాడు.

"ఎర్త్ బాగానే ఉంది అల్లుడూ, నువ్వు లైట్లు తీసినప్పుడల్లా డాష్‌బోర్డు కింద మీటరు వైరు పీకిందీ, వేసినప్పుడల్లా తగిలించిందీ నేనే."