పాస్టరు చెయ్యి

"క్యాసిమిర్ డూడెక్ గారు ఇక్కడ దొరుకుతారా?"

ఆ పేరు వినగానే నాలుగు బల్లల మీద ఆట ఆగిపోయింది.

టొలీడోలో ఆర్విల్ నడిపే ఆ పూల్ హాల్లో ఎవరినీ అమ్మానాన్నా పెట్టిన పేరుతో పిలవరు. బఫెలో, అరటిపండు, రెండోవాడు, ఇలా ఉంటాయి పేర్లు.

అసలు పేరు పట్టుకుని వచ్చేవాళ్లు మూడే రకాలు. కోర్టు బంట్రోతు, పన్నులవాడు, మాజీ పెళ్లాం తరఫు వకీలు. ఎవరొచ్చినా సదరు మనిషి పోయాడని చెప్పడం అక్కడి మర్యాద.

ఆ మర్యాద పుణ్యమా అని ఆ హాల్లో పదకొండుమంది స్వర్గస్థులు రోజూ ఆడుకుంటున్నారు.

డూడెక్ మూడో బల్ల దగ్గరే కర్ర మొనకి సుద్ద రాస్తున్నాడు. అక్కడ ఆయన పేరు పాస్టరు. వయసులో ఉండగా నల్లకోటు తొడుక్కుని ఊరూరా తిరిగేవాడు. ఆట రాని చర్చి మనిషిలా రెండాటలు ఓడి, మూడో ఆటలో ఎదుటివాడి జేబు దులిపేవాడు.

బంతిని గుంటలో పడేయడం తప్ప ఇంకో విద్య నేర్వలేదు. అరవై ఒకటో ఏట తనే గుంటలో పడ్డాడు. రెండు కళ్లకీ శుక్లాలు. ఒక్క బంతి రెండుగా కనిపిస్తోంది. ఏది కొట్టినా అది లేని బంతే.

ఆపరేషను చెయ్యకపోతే మంచు పడే నాటికి చూపుండదని డాక్టరు చెప్పాడు. డబ్బు కట్టకపోతే ఆపరేషను లేదని కూడా ఆయనే చెప్పాడు.

వచ్చినావిడకీ అరవై దగ్గర్లో ఉంటాయి. వానకి తలమీద ప్లాస్టిక్ సంచి కప్పుకుంది. బూట్లలో నీళ్లు. వకీలు వాలకం కాదు. అయితే మాత్రం? వేషం వేసి బతికినవాడికి లోకమంతా వేషాలే.

"డూడెకా? పోయాడమ్మా. నిరుడు."

కౌంటరు వెనక ఆర్విల్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు. అలవాటైన పనే.

ఆవిడ బెంచీ మీద కూలబడింది. ఇరవై మూడేళ్లుగా వెతుకుతున్నానంది. ఇరవై మూడేళ్లంటే మొదటి పెళ్లాం తాలూకు అనుకున్నాడు పాస్టరు.

ఎక్కడ పాతిపెట్టారని అడిగింది. అనాథల దొడ్లో, రాయి కూడా లేదన్నాడు.

"ఆఖర్న దగ్గర ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరమ్మా."

అదొక్కటీ అబద్ధం కాదు.

ఆవిడ ఆయన మొహం చూడటం మానేసి చేతులు చూస్తూ కూచుంది. కాసేపటికి, ఒక దెబ్బ కొట్టండి చూస్తానంది. పాస్టరు వంగి, గురి చూసి కొట్టాడు. బంతి గుంటకి జానెడు దూరంలో బల్ల అంచుకి తగిలి ఆగింది.

"చిటికెనవేలు మీరూ ఎత్తే ఉంచుతారే."

"ఈ ఊళ్లో అందరం అంతేనమ్మా."

ఆవిడ ఐదు డాలర్ల కాయితం బల్లంచున పెట్టి, ఆయనకి పూలు పెట్టించండని చెప్పి, సంచి తలమీద కప్పుకుని వెళ్లిపోయింది.

పూలకిచ్చిన డబ్బు పూల్ హాలు దాటలేదు. ఆర్విల్ దగ్గరే గిన్నెడు బీన్సూ, రెండు బ్రెడ్డు ముక్కలూ అయింది. తన దినం భోజనం తనే తిన్న మనిషి ఒహాయోలో ఆయనొక్కడే అయ్యుంటాడు.

ఆరు వారాల తరవాత కవరొచ్చింది. పైన 'పాస్టరు గారికి, ఆర్విల్ హాలు' అని ఉంది. లోపల లాస్ ఏంజెలెస్ నటుల సంఘం పంపిన చెక్కు. దాని మీద క్యాసిమిర్ డూడెక్ పేరు. రెండు కళ్లూ కోయించుకోగా ఇంకా మిగిలేంత సొమ్ము.

పాస్టరుకి అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో షికాగోలో పదకొండు రోజులు ఒక సినిమాకి ఆడాడు. మొహం హీరోది, చెయ్యి ఈయనది. చెయ్యి ఇచ్చింది ఈయన, చెయ్యిచ్చింది కంపెనీ. తెరమీద పేరైనా వెయ్యలేదు. పాస్టరు ఏనాడూ పోస్టరెక్కలేదు. ఆ సినిమా ఇప్పుడు టీవీల్లో, వీడియో క్యాసెట్లలో ఆడుతోందట. ఆడినందుకు వాటా.

చెక్కుతోబాటు చిన్న చీటీ.

'పోయినవాళ్ల చెక్కు ఆపేస్తామన్నారు. అందుకని బతికే ఉన్నారని రాశాను. తప్పయితే మన్నించండి. ముందు కళ్లు చూపించుకోండి. అర్మా టాల్బట్.'

ఆ పేరు ఎంత తవ్వుకున్నా గుర్తుకి రాలేదు. పందెం కాయని మొహం ఆయనకెప్పుడూ గుర్తుండేది కాదు.

అక్టోబరులో కట్లు విప్పారు. బంతి ఒకటి ఒకటిగానే కనిపించింది. పాస్టరు తిన్నగా హాలుకొచ్చి, కర్ర ముట్టుకోకుండా, ఆర్విల్‌ని ఫోనడిగి, నటుల సంఘానికి కలిపాడు.

"నా పేరు క్యాసిమిర్ డూడెక్," అన్నాడు ఫోన్లో.

హాల్లో మళ్లీ ఆట ఆగింది. ఆ పేరు ఆయన నోట ఎవరూ విని ఉండలేదు.

మీ ఆఫీసులో పనిచేసే అర్మా టాల్బట్ గారితో మాట్లాడాలన్నాడు. ఆవిడ తమ మనిషి కాదంది అవతలి అమ్మాయి. ఏదో లాండ్రీలో ఇస్త్రీ చేసేదట. ఏళ్ల తరబడి నెలకోసారి పాత నోటు పుస్తకమొకటి పట్టుకొచ్చి, డూడెక్ పేరు వాటాల జాబితాలో ఎక్కించమని కిటికీ దగ్గర నించునేదట. పోయి మూడు వారాలైందట.



"నేనావిడకి ఏమీ కానమ్మా. నా పేరుతో ఆవిడకేం పని?"

"ఆ సినిమాలో ఏ షాటు ఎవరు చేశారో రాసిపెట్టే ఉద్యోగం ఆవిడది సార్, ఆటంతా హీరోగారే ఆడారని చెప్పుకోవాలి, ఆ పుస్తకంలో మీ పేరు కొట్టెయ్యమన్నారట కంపెనీవాళ్లు, కొట్టెయ్యనన్నందుకు ఆ రోజే పంపించేశారు, ఆ తరవాత ఇక ఏ కంపెనీ ఆవిడకి పనివ్వలేదు."